మోకాలి మీద చెయ్యి

నా జన్మలో నేను మొట్టమొదట కేసు చెప్పుకున్న లాయరు లాయరే కాదు. హోసూరు కోర్టు ఆవరణలో తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని, చంకలో పళ్ళెంలాంటిది ఇరికించుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నమస్కారం పెట్టి, జరిగింది జరిగినట్టు, రుచికోసం కాస్త జరగనిది కూడా కలిపి, మొత్తం విన్నవించుకున్నాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి "అయ్యో పాపం" అని కూడా అన్నాడు. నేను ముగించి, "మీరేమంటారు సార్?" అని అడిగితే, "టీ కావాల్నా, కాఫీ కావాల్నా అన్నా?" అన్నాడు. కోర్టు క్యాంటీనులో సప్లయరు. పళ్ళెంలాంటిది పళ్ళెమే. సలహా మాత్రం చెడ్డది కాదు కాబట్టి టీ తాగాము.

నా చదువు ఎనిమిదో తరగతి గుమ్మం దాటలేదు. అందుకని లాయర్లను బట్టలు చూసి గుర్తుపట్టేవాణ్ణి. ఆ తరువాతి జీవితమంతా హోసూరులో ఒక ప్రెస్సు షాపులో గడిచింది. ఇనుపరేకును అచ్చు కింద పెట్టి, మోటారు బండ్లలో బిగించే ముక్కలుగా కొట్టడం మా పని. ఇప్పుడు రిటైరై టీ అంగడి బెంచీ మీద కూర్చుంటే, షిఫ్టు దిగి వచ్చే కుర్రవాళ్ళు అడుగుతుంటారు, "అన్నా, పని తీసేస్తే ఏ వకీలు దగ్గరికి పోవాల?" అని. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులో ఉన్న లాయరమ్మకు పేరు రాస్తే కోపం వస్తుంది, కంపెనీకి పేరు రాయకపోయినా వస్తుంది.

పని పోయింది నాది కాదు. నా పక్క ప్రెస్సు మీద పనిచేసే మనిషిది. అతని ఊరు బేరిగై. మాటలు తక్కువ. షాపులో చేరిన కొత్తలో అతన్ని మూగవాడనుకుని నేను సైగలతో మాట్లాడాను. అతనూ సైగలతోనే జవాబిచ్చాడు. వారం తరువాత ఎవరితోనో "ఉప్పు తక్కువైంది" అంటుంటే విని బిత్తరపోయాను.

ప్రెస్సు గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. మేము స్టూలు మీద కూర్చుని కుడికాలితో పెడల్ తొక్కుతాము. తొక్కితే పైనున్న బరువు దిగి రేకును కొడుతుంది. కాలు తీస్తే అది ఉన్నచోటే ఆగిపోతుంది. ఇది పాతకాలం నుంచీ ఉన్నదే. తరువాత సెన్సార్లు వచ్చాయి. అచ్చుకు రెండు వైపులా నిలువు కడ్డీలు, వాటి మధ్య కంటికి కనిపించని వెలుతురు. ఆ వెలుతురుకు చెయ్యి అడ్డం వస్తే, పెడల్ మీద కాలున్నా సరే, బరువు ఆగిపోవాలి. ప్రతి షిఫ్టు మొదట్లో దాన్ని పరీక్ష చేస్తాము. చెయ్యి పెట్టి కాదు, కట్టెపుల్ల పెట్టి. కట్టె బతికితే మన వేళ్ళు కూడా బతుకుతాయని లెక్క.

ఆ రోజు పొద్దున అతను కట్టె పెట్టాడు. బరువు ఆగలేదు. కట్టె రెండు ముక్కలైంది. అతను స్విచ్చు ఆపి, లేచి నిలబడ్డాడు. సూపర్‌వైజరు వచ్చాడు. ఆయనది గురుబరపల్లి వైపు. మాలాగే ప్రెస్సు తొక్కి పైకి వచ్చిన మనిషి, చెడ్డవాడని చెప్పను. లారీ గేటు దగ్గర సరుకు కోసం ఎదురుచూస్తున్నది. ఆయన చీపురుకర్ర పట్టుకుని తనే స్టూలు మీద కూర్చుని, పెడల్ తొక్కి, కర్ర పెట్టాడు. బరువు ఆగింది. "చూసినావా, బాగుండాది. కూసొని కొట్టు," అన్నాడు. మావాడు కూర్చోలేదు. "కొట్టను సార్," అన్నాడు. అంతే. సూపర్‌వైజరు అరుస్తూ పోతుంటే నాకు వినిపించింది ఆ ఒక్క మాటే. ఆ రోజంతా ఆ ప్రెస్సు కొట్టలేదు. మరుసటి రోజు ఎవరో వచ్చి సెన్సారు మార్చి వెళ్ళారు. ఆ తరువాత కంపెనీ, సెన్సారు ముందు నుంచీ బాగానే ఉందనీ, ఇతను కావాలనే పని ఎగ్గొట్టి సరుకు ఆపాడనీ చెప్పి, లోపలే ఒక విచారణ నడిపింది. విచారణలో అతన్ని అడిగింది ఒక్కటే: పై అధికారి చెప్పిన పని చేశావా, లేదా? చేయలేదన్నాడు. పనిలోంచి తీసేశారు.

తీసేసిన తరువాత మెత్తగా ఒక దారి చూపించారు. తనే మానుకుంటున్నట్టు రాసిస్తే, మంచిగా సాగనంపుతామని. బయట చూసేవాళ్ళకు అది మంచి దారే. అతను ఒప్పుకోలేదు. అతని భార్య గులాబీ తోటలో, ప్లాస్టిక్ గుడారం కింద, పూలు కోసే పనికి పోతుంది. ఆమె నన్ను పిలిపించింది.

"అన్నా, రాసిస్తే ఏమవుతాది?" అని అడిగింది.

"గొడవ అయిపోతాదమ్మా."

"రాసియ్యకపోతే?"

"గొడవ మిగిలుంటాది."

"ఆయన అబద్ధమాడినాడని అందురూ అనుకుంటా ఉండారు. ఈ పక్క ఏ కంపెనీ గేటు కాడికి పోయినా, పని ఎగ్గొట్టినోడని ముందే తెలిసిపోయుండాది. గొడవ మిగలనీ. మంచి వకీలును చూడు. మాట్లాడేదానికి నువ్వు పో. ఈ మనిషిని ఒక్కణ్ణే పంపిస్తే పోయి, ఉలకకుండా కూసోని వస్తాడు."

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. పెళ్ళి మాటలకు గానీ, పొలం గట్టు పంచాయితీకి గానీ, కష్టం ఎవరిదో వాళ్ళు మాట్లాడరు. నోరున్న మనిషిని ఒకణ్ణి వెంట తీసుకుపోతారు. కష్టమున్నవాడు పక్కన తలవంచుకుని కూర్చుంటాడు, నోరున్నవాడు ఎత్తుకుంటాడు. అది మర్యాద. నోరున్న మనిషిగా నాకు చుట్టుపక్కల పేరుంది. కెలవరపల్లి దాకా నన్ను పెళ్ళిమాటలకు పిలిచారు. అందులో కొన్ని పెళ్ళిళ్ళు జరిగాయి కూడా.

అలా మేమిద్దరం లాయరు కోసం బయలుదేరాము. సప్లయరు తరువాత మేము చేసిన రెండో పని బెంగళూరు బస్సెక్కడం. ఇది హోసూరు మనుషులు మాత్రమే చేసే తప్పు. మాకు కడుపునొప్పి వస్తే బెంగళూరు, పట్టుచీర కావాలంటే బెంగళూరు, పెద్ద డాక్టరైనా పెద్ద అంగడైనా బెంగళూరే. లాయరు మాత్రం వేరే ఊళ్ళో ఎలా ఉంటాడు? ఒక గొప్ప భవనంలో, లిఫ్టెక్కి, చల్లటి గదిలో ఒక లాయరుగారి ముందు కూర్చున్నాము. నేను ఎత్తుకున్నాను. కట్టె విరిగిన చప్పుడు దగ్గర నేనే నోటితో చప్పుడు కూడా చేశాను. ఆయన కన్నడంలో ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "ఫ్యాక్టరీ అత్తిబెలె చెక్‌పోస్టుకు ఇవతలా, అవతలా?"

"అవతల సార్. హోసూరు."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "నేను రాలేనని కాదు. చట్టం ఏ ఊరి కోర్టుకైనా నన్ను రానిస్తుంది. కానీ మీ మాటలన్నీ ముందు కృష్ణగిరి లేబర్ ఆఫీసులో జరుగుతాయి. కాగితాలు తమిళంలో ఉంటాయి, నాకు చదవడం రాదు. ప్రతి వాయిదాకు నేను ఇంత దూరం వస్తే దండగ మీకే. అక్కడివాళ్ళను చూసుకోండి," అన్నాడు.

దిగి వస్తుంటే నాకు వింతగా అనిపించింది. ఆ చెక్‌పోస్టును మేము గడప దాటినట్టు దాటుతాం. అటు పనికి పోయేవాళ్ళు, ఇటు పనికి వచ్చేవాళ్ళు, ఇంట్లో మూడు భాషలు. అక్కడ రెండు రాష్ట్రాల మధ్య ఒక గీత ఉందని బస్సు రంగు మారితే తప్ప మాకు గుర్తుకు రాదు. ఉద్యోగం పోయిన రోజే ఆ గీత గుర్తుకు వస్తుంది.

మూడోది అతని ఇంటి లాయరు. మా పల్లెల్లో పాతకాలం వ్యవసాయదారుల ఇళ్ళకు ఇంటి లాయరు ఉంటాడు, భూమితోపాటు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవాడు. ఇతని తాత గట్టు తగాదాను ఆ లాయరు తండ్రి పట్టాడు. ఇతని తండ్రి కాలంలో ఆ లాయరు పట్టాడు. తగాదా ఇంకా ఆరోగ్యంగానే ఉంది. హోసూరులో ఆయన ఇంటి వరండాలో కూర్చుని మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి కట్టె విరిగినప్పుడు షాపంతా ఉలిక్కిపడ్డట్టు చెప్పాను. చెప్పేకొద్దీ కథ బాగా తయారవుతోందని నాకే అనిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విని, "ఆ ప్రెస్సు ఎన్నేండ్లుగా ఇతని అనుభవంలో ఉండాది?" అని అడిగాడు.

"ఇతను చేరినప్పటి నుంచీ సార్."

"మధ్యలో ఎవరన్నా ఆక్రమించుకున్నారా?"

"రెండో షిఫ్టువాళ్ళు సార్."

ఆయన కళ్ళు తెరిచాడు. నేను నవ్వు ఆపుకున్నాను, ఆయన ఆపుకోలేదు. కడుపారా నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకుని, మావాడివైపు తిరిగి చెప్పాడు. "అప్పా, మీ నాయన నా దగ్గరికి వస్తా ఉండె, నీకు అబద్ధం చెప్పను. నాకు తెలిసింది భూమి. నేను సివిల్ కోర్టులో కేసేస్తే, మీ తాత కేసుకు తోడుగా ఇంకొకటి అవుతాది. పని పోయినోళ్ళకు దారి వేరే. కృష్ణగిరిలో ఒకామె ఉండాది. కూలివాళ్ళ కేసులు తప్ప ఇంకేమీ పట్టదు. ఆడికి పో." తరువాత నావైపు చూసి, "ఆమె చాలా కరారు. చూసి నడుచుకో," అన్నాడు.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇంతే. "ఇది నా పని కాదు" అని నోరు తెరిచి చెప్పే లాయరు దొరికితే ఆయన చెప్పిన చోటికి కళ్ళు మూసుకుని పోండి. మాకు అలాంటివాళ్ళు ఇద్దరు వరసగా దొరికారు. అది మా తెలివి కాదు.

కృష్ణగిరిలో ఆమె ఆఫీసు ఒక మోటారు రిపేరు అంగడి పైన. మెట్ల మీద కూడా మనుషులు కూర్చుని ఉన్నారు. బట్టల కంపెనీలో కుట్టే ఆడవాళ్ళు, ఒక బస్సు డ్రైవరు, కాలికి కట్టు కట్టుకున్న ముసలాయన. మా వంతు వచ్చింది. నూలుచీర, నూలుదారంతో మెడలో వేలాడే కళ్ళద్దాలు, పెద్ద బల్ల, బల్ల వెనక చిన్న మనిషి. నేను నమస్కారం పెట్టి గొంతు సవరించుకున్నాను.

"మీ ఇద్దురిలో పని పోయింది ఎవురిది?" అంది.

"ఇతనిదమ్మా. చెప్పేది నేను."

"అట్లయితే నువ్వు బయట కూసోప్పా."

"అది కాదమ్మా, ఇతనికి మాటలు…"

"మాటలు లేనోనికే పని పోయినప్పుడు, నేను ఆయన్నే కదా చూడాల?"

మర్యాదగా బయటికి వచ్చాను. పెళ్ళిమాటల్లో కూడా నన్ను ఎవరూ బయట కూర్చోబెట్టలేదు. తలుపు తెర పక్కన బెంచీ ఉంటే దాని అంచున కూర్చున్నాను. తెర సన్నటిది, దేవుడు దయామయుడు.

లోపల పేజీలు తిరగేసే చప్పుడు. ఆమె కాగితాలు చదువుతోంది. తరువాత అడిగింది, "నీకు ఏం కావాలప్పా?"

ఆ ప్రశ్న బెంగళూరాయన అడగలేదు, భూమి లాయరు అడగలేదు. నిజానికి నేను కూడా అడగలేదు.

నేను బెంచీ అంచు మీద ఇటూ అటూ జరిగాను. ఎన్ని జవాబులు నా నాలుక మీద ఉన్నాయో. ఆమె మాత్రం రెండోసారి అడగలేదు, తొందరపెట్టలేదు. మెట్లమీద అంతమంది కాచుకుని ఉన్నా, ఆ గదిలో ఇంకో పనే లేనట్టు ఆగింది. చివరికి అతని గొంతు వినిపించింది.

"నా మిషన్ నాకు కావాలమ్మా. నేను పని ఎగ్గొట్టలేదు."

"రాజీనామా రాసిస్తే మంచిగా పంపిస్తామంటా ఉండారు కదా?"

"రాసిస్తే ఎగ్గొట్టినట్టే అవుతాదమ్మా."

"సరే. గెలుస్తావని నేను చెప్పను. ఇది నీ మాట, మీ సూపర్‌వైజరు మాట. ఇద్దురిలో ఆయన పెద్దోడు. కానీ కేసు పట్టుకుంటాను." తన ఫీజు ఎంతో అప్పుడే చెప్పింది, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో చెప్పింది, ఏ పనికి ఇవ్వక్కర్లేదో కూడా చెప్పింది. తరువాత గొంతు పెంచి, "బయట ఉండే ఆయన, లోపలికి రాప్పా. చెప్పులతో పాటు నోరు కూడా ఆడే విడిచిపెట్టి రా," అంది. తెర సన్నమని ఆమెకూ తెలుసు.

లోపలికి వెళ్ళేసరికి ఆమె బల్ల వెనక నుంచి లేచింది. "కాగితంలో ఉండేది చదివినాను. ఇప్పుడు నువ్వు నాకు చెప్పొద్దు. చేసి చూపించు. నేను ప్రెస్సు అనేదాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు పొద్దున ఏం చేసినావో అంతా చెయ్యి." కుర్చీ స్టూలైంది. ఆమె గొడుగు పరీక్ష కట్టె అయింది. నేల మీద ఆమె చెప్పు ఒకటి పెడల్ అయింది. మావాడు సిగ్గుపడుతూ కూర్చున్నాడు.

"బల్ల అడ్డముండాది, నీ కాళ్ళు నాకు అవుపడవు," అంటూ ఆమె వచ్చి, గుమ్మం గట్టు మీద, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నేలకు దగ్గరగా కూర్చుంది. ఒక లాయరు, అంత వయసున్న మనిషి, కక్షిదారు కాళ్ళ దగ్గర కూర్చుని చూస్తున్నది. నాకు ఎందుకో గబుక్కున నిలబడాలనిపించి నిలబడ్డాను.

అతను చేశాడు. కుడికాలు చెప్పు మీద ఆనించాడు. ఎడమచెయ్యి కుడి మోకాలి మీద పెట్టి నొక్కి పట్టాడు. కుడిచేత్తో గొడుగు చాపాడు. ఆగాడు. "ఇప్పుడు కట్టె విరిగిందమ్మా," అన్నాడు.

"మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాడు. మళ్ళీ చెయ్యమంది. ఆమె ముఖంలో ఏ తొందరా లేదు. పసిబిడ్డ నడక నేర్చుకుంటుంటే చూసినట్టు చూస్తోంది. మా షాపులో ఆ పరీక్షను నేను ఎన్నేళ్ళు చేశానో, చేసేవాళ్ళను ఎన్నేళ్ళు చూశానో నాకే తెలియదు. అందులో చూడవలసింది ఇంకేముందో నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె అడిగింది.

"ఆ ఎడమచెయ్యి మోకాలి మీద ఏమిటికి పెడతా ఉండావు?"

అతను తన చెయ్యిని తనే చూసుకున్నాడు. "లేకుంటే కాలు లేస్తాదమ్మా."

"ఎందుకు లేస్తాది?"

"అలవాటమ్మా. సెన్సార్లు లేని కాలంలో నేర్చుకున్నోళ్ళం. అచ్చు కిందికి ఏది పోయినా కాలు తనంతట తానే లేస్తాది. మనం లేపక్కర్లేదు. కాలు లేస్తే మిషన్ ఆగిపోతాది. అప్పుడు ఆగింది సెన్సారు వల్లనా, కాలు వల్లనా తెలీదు కదమ్మా. అందుకని పరీక్షప్పుడు మోకాలు నొక్కి పట్టుకుంటాను."

నేను నా మోకాలు వైపు చూసుకున్నాను. నేనూ పట్టుకుంటాను. పాతవాళ్ళమందరం పట్టుకుంటాము. మాకు ఎవరూ నేర్పలేదు, మేము ఎవరికీ చెప్పలేదు. అదొక పని అని కూడా మాకు తెలియదు, తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకున్నట్టు.

ఆమె కదలలేదు. "సూపర్‌వైజరు కూసొని కర్ర పెట్టినప్పుడు మోకాలు పట్టుకున్నాడా?"

"లేదమ్మా. రెండు చేతులా చీపురుకర్ర పట్టుకోనుండె."

"ఆయన కాలు?"

"లేచిందమ్మా."

"ఎప్పుడు చూసినావు?"

"ఆ రోజే చూసినాను."

నేను ఆ రోజు పక్క ప్రెస్సు మీదే ఉన్నాను. కట్టె విరగడం చూశాను, సూపర్‌వైజరు అరుపు విన్నాను, కర్ర దగ్గర బరువు ఆగడం చూశాను. ఆయన కాళ్ళు మాత్రం మిషన్ చాటున ఉన్నాయి. బెంగళూరులో, వరండాలో, క్యాంటీన్ సప్లయరు ముందు, అంత గొప్పగా నేను చెప్పిన కథలో కాళ్ళే లేవు.

ఆ గదిలో నాకు కలిగినది ఏమిటో ఇప్పటికీ సరిగ్గా పేరు పెట్టలేను. కొండ మీద నుంచి ఒకేసారి లోయంతా కనిపించినప్పుడు ఒళ్ళు జలదరిస్తుందే, అలాంటిది. ఆమె ఒక పుస్తకం తీయలేదు, ఒక సెక్షను చెప్పలేదు. చూసింది, అంతే. మనిషిని అంతలా చూడవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

లేచి చీర దులుపుకుంటూ ఆమె అసలు బాంబు వేసింది. "లేబర్ ఆఫీసులో రాజీ మాటలు జరిగేచోటికి నేను రాకూడదు. వకీళ్ళకు ఆడ మాట్లాడే హక్కు లేదు. వాళ్ళ వకీలూ రాడు. కూడా పనిచేసే మనిషి ఒకడు తోడు పోవచ్చు."

ఇన్ని ఊళ్ళు తిరిగి లాయరును సంపాదిస్తే లాయరే లోపలికి రాదట. ఆమె నావైపు చూసింది, కారుతున్న కొళాయిని చూసినట్టు. "ఇంకెవురూ లేరా?" అని మావాణ్ణి అడిగింది.

"ఎవురూ రారమ్మా. భయం."

"నీకు భయం లేదా?" అంది నాతో.

"రిటైర్మెంటు దగ్గరపడిందమ్మా. నన్ను తీసేసేదానికి వాళ్ళు కాగితం రాసేలోపల నేనే వచ్చేస్తాను."

మొదటిసారి కొంచెం నవ్వింది. "అయితే విను. నువ్వు ఒక్క మాట చెప్పాల. 'సార్, మిషన్ కాడ జరిగింది మావాడు చేసి చూపిస్తాడు.' అంతే. దానికి ముందు వద్దు, వెనక వద్దు." మావాడితో, "నువ్వు చేసినాక, ఆ సూపర్‌వైజరును చెయ్యమని అడుగు. మర్యాదగా అడుగు. ఆయన నిజంగానే మిషన్ బాగుండాదని అనుకుంటా ఉండాడు. సంతోషంగా చేస్తాడు," అంది.

"చేస్తే?" అన్నాను నేను, నోరు విడిచిపెట్టి వచ్చినవాణ్ణని మరిచి.

"ఆయనా పాత ప్రెస్సు మనిషే కదప్పా."

రాజీ మాటల రోజు లేబర్ ఆఫీసు ఎదుట టీ అంగడిలో ఆమె కూర్చుంది, మేము లోపలికి వెళ్ళాము. బల్లకు అటు ఆఫీసరుగారు. ఒక పక్క కంపెనీ తరఫున ల్యాప్‌టాప్ పట్టుకున్న యువకుడు, అతని పక్కన సూపర్‌వైజరు. ఇంకో పక్క మేము. యువకుడు తమిళంలో, మధ్యలో ఇంగ్లీషులో, చాలా చక్కగా మాట్లాడాడు. ఇతను బద్ధకస్తుడనీ, ఇలాంటివాళ్ళవల్లే హోసూరు వెనకబడిపోతోందనీ అన్నాడు. ప్రతిదానికీ నా దగ్గర మంచి జవాబు తయారైంది. ఒక్కొక్కటే మింగాను. నా బతుకులో అంత కష్టపడి ఏ షిఫ్టూ చేయలేదు.

ఆఫీసరు మావైపు తిరిగాడు. నేను లేచి, నా ఒక్క మాట చెప్పి, కూర్చున్నాను. మావాడు నన్ను ఒకసారి ఆశ్చర్యంగా చూశాడు.

"ఇదేం నాటకం సార్?" అన్నాడు యువకుడు.

"ఉండండి. చూద్దాం," అన్నాడు ఆఫీసరు. తన బల్లమీది చెక్క స్కేలు తీసి ఇచ్చాడు.

మావాడు కుర్చీ లాక్కుని, చెప్పు ఒకటి నేల మీద విడిచి, దాని మీద కాలు ఆనించి, మోకాలు పట్టి, స్కేలు చాపి చూపించాడు. లేచి, ఆ స్కేలును రెండు చేతులతో సూపర్‌వైజరుకు అందించాడు. "సార్, ఆ పొద్దు మీరు చేసినట్టు ఒకసారి చెయ్యండి సార్. ఈ చెప్పే పెడల్ అనుకోండి."

ఆమె చెప్పినట్టే ఆయన సంతోషంగా వచ్చాడు. నిజాయితీగా చేయాలనే చేశాడు. కాలుతో గట్టిగా తొక్కాడు. స్కేలును రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపాడు.

కాలు లేచింది.

మిషన్ లేదు, బరువు లేదు, రేకు లేదు. కృష్ణగిరిలో ఒక గవర్నమెంటు గదిలో, ఫ్యాను కింద, సిమెంటు నేల మీద, ఆ మనిషి కాలు తనంతట తానే గాలిలోకి లేచి నిలిచింది. అందరం దాన్నే చూస్తున్నాము. ఆయన కూడా చూశాడు. వేరేవాళ్ళ కాలును చూసినట్టు చూశాడు. మళ్ళీ తొక్కి, మళ్ళీ చాపాడు. మళ్ళీ లేచింది.

"మీరు అప్పుడు కాలు ఎత్తారా?" అని ఆఫీసరు అడిగాడు.

ఆయన తమిళం మరిచిపోయి తెలుగులోనే చెప్పాడు. "ఎత్తినట్టుండాను సార్. నాకే తెలీదు. మా కాలంలో సెన్సార్లు లేవు. ఏది అడ్డమొచ్చినా కాలు లేవాల. లేవకపోతే…" అంటూ తన ఎడమచెయ్యి బల్లమీద పెట్టాడు. చిటికెన వేలు సగమే ఉంది. మేమందరం రోజూ చూసే చెయ్యే. యువకుడు మొదటిసారి చూసినట్టున్నాడు, ల్యాప్‌టాప్ మూసేశాడు.

సూపర్‌వైజరు మావాడివైపు తిరిగాడు. "ఆ పొద్దే చెప్పుండొచ్చు గదప్పా."

"'కాలు' అని అన్నాను సార్. మీరు అరుస్తా పోయినారు."

రోడ్డు దాటి టీ అంగడికి పరుగెత్తాము. మేము నోరు తెరవకముందే ఆమె, "లేచిందా?" అంది.

"లేచిందమ్మా. రెండుసార్లు."

ఆమె తలాడించి, గ్లాసులో మిగిలిన టీ తాగింది. నేను ఆమె కాళ్ళకు దండం పెట్టబోయాను. "జరుగప్పా, నా మెట్లమీద మనుషులు కాచుకోనుండారు," అని వెళ్ళిపోయింది.

లేబర్ ఆఫీసరు తీర్పు చెప్పలేడు, రాజీ చేయగలడు. తరువాతి వాయిదాకు కంపెనీ రాజీకి వచ్చింది. తీసేసిన మాటను వెనక్కు తీసుకుంటామనీ, అదే ప్రెస్సు మీద అతనికి పని ఇస్తామనీ సంతకాలు పెట్టారు. ఆ సూపర్‌వైజరే చొరవ తీసుకుని, ఇకనుంచి పరీక్షకు ఇద్దరు ఉండాలనీ, ఒకడు తొక్కితే ఇంకొకడు కట్టె పెట్టాలనీ షాపులో పద్ధతి మార్చాడు. ఇప్పుడు మీరు చేస్తున్నది అదే. ఎందుకు ఇద్దరని మీలో చాలామంది విసుక్కుంటారని నాకు తెలుసు.

సంతకాలైన రోజు మధ్యాహ్నం హోసూరు బస్సులో పక్కపక్కన కూర్చున్నాము. గురుబరపల్లి దాటింది. నాకు సంతోషం, లోపల ఒక మూల కొంచెం రోషం. ఉండబట్టలేక అడిగాను.

"అప్పా, బెంగళూరు దాకా పోయి చెప్పినాను. మీ భూమి వకీలుకు చెప్పినాను. గొంతు అరిగిపోయింది నాకు. ఆ కాలు లేచింది నీకు ఆ పొద్దే తెలుసంటావు. పక్కనే కూసోనుంటివి కదా, నాకు ఒక్క మాట చెప్పుంటే ఏం పోయుండె?"

అతను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. శూలగిరి వచ్చి, ఇద్దరు ఎక్కి, బస్సు మళ్ళీ కదిలిన తరువాత నావైపు తిరిగాడు.

"నువ్వు ఊపిరి పీల్చుకునేదానికి యాడన్నా ఆగుతావేమోనని కాచుకోనుంటినన్నా," అన్నాడు. "ఆగలేదు."